జపాన్ మేడమ్, నెల్లూరు స్కూటర్ లైసెన్స్: ఒక కేస్ స్టడీ

నెల్లూరులో డ్రైవింగ్ స్కూల్ నడిపేవాళ్లకు విదేశీయుల ఫైలు రోజూ తగిలేది కాదు. కృష్ణపట్నం పోర్టు వచ్చి, ముత్తుకూరు వైపు ప్లాంట్లు, ఫ్యాక్టరీలు పెరిగాక అడపాదడపా ఒకటి వస్తోంది. వచ్చిన ప్రతిసారీ కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు చెప్పేది ఒకటే. "బండి బాగా తోలతారు సార్, టెస్ట్ ఒక్కటి చూసుకోండి చాలు" అంటారు. టెస్ట్ అన్నిటికన్నా తేలిక. ఫైలు ఆగిపోయేది అడ్రస్ దగ్గర. ఇలాంటి కేసు చేతికొచ్చిన తోటి స్కూళ్లవాళ్లకు, హెచ్‌ఆర్ వాళ్లకు పనికొస్తుందని ఇది మొత్తం రాస్తున్నాను. క్లయింట్ ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆవిడ జపాన్ నుంచి వచ్చిన క్వాలిటీ ఇంజనీర్. ముప్పై దాటిన వయసు, ఎంప్లాయ్‌మెంట్ వీసా. మాగుంట లేఅవుట్‌లో ఒక ఇంటి మేడమీద పోర్షన్ అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటోంది. డ్యూటీకి కంపెనీ బస్సు వస్తుంది. సాయంత్రాలు ఫత్తేఖాన్‌పేట రైతుబజార్‌కి వెళ్లి రావడానికి, సెలవు రోజు మైపాడు బీచ్‌కి పోవడానికి ఒక చిన్న స్కూటర్ కావాలి. కారు వద్దు, గేర్ల బండి అసలే వద్దు.

చేతిలో ఉన్న పర్మిట్ ఎందుకు చాల్లేదు

వచ్చేటప్పుడు ఆవిడ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకుంది. ఆఫీసులో ఎవరో "ఇంటర్నేషనల్ ఉంది కదా మేడమ్, బండి తీయండి" అన్నారట. మన పిల్లలకే కాదు, చదువుకున్న ఆఫీసర్లకు కూడా ఈ పర్మిట్ మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. పుస్తకం తెరిచి వెనక పేజీ చూడమన్నాను. అందులో వాహనాల తరగతులు ఎ, బి, సి అని వరసగా ఉంటాయి. ఎ అంటే మోటార్‌సైకిల్, బి అంటే కారు. మనకు ఏ తరగతి మీద ముద్ర ఉంటే ఆ బండికే ఆ పర్మిట్ పనికొస్తుంది. ఆవిడ పుస్తకంలో బి దగ్గర మాత్రమే ముద్ర ఉంది.

ఆవిడకు ఇది అర్థం కాలేదు. కాకపోవడానికి కారణం ఉంది. జపాన్‌లో మామూలు కారు లైసెన్స్ ఉన్నవాళ్లు 50 సీసీ చిన్న స్కూటర్‌ను వేరే లైసెన్స్ లేకుండానే నడపొచ్చు. దాన్ని అక్కడ గెంట్సుకి అంటారు. గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు, రోడ్డు పెద్దదైతే కుడివైపు తిరగడానికి రెండు దశల్లో తిరగాలి, ఇలా దానికి సొంత రూల్స్ ఉన్నాయి. కాలేజీ రోజుల నుంచీ ఆవిడ దాని మీదే తిరిగింది. అయితే ఆ వెసులుబాటు జపాన్ సరిహద్దు లోపలే. ఇంటర్నేషనల్ పర్మిట్‌లో గెంట్సుకికి చోటు లేదు. అక్కడ ఉత్త గెంట్సుకి లైసెన్స్ ఒక్కటే ఉన్నవాళ్లకు ఈ పర్మిట్ ఇవ్వనే ఇవ్వరు.

ఇంకో సంగతి, ఈ పర్మిట్ ఇచ్చిన తేదీ నుంచి ఒక ఏడాదే చెల్లుతుంది. మన దేశంలో దిగిన తేదీ నుంచి అనుకుని లెక్కేసుకునేవాళ్లు చాలామంది. ఆవిడది అప్పటికే అయిపోవచ్చింది.

తరగతి లేని పర్మిట్‌తో బండి నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే. మోటార్ వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దానికి జరిమానా 5,000. బండి ఇచ్చిన ఓనర్ మీద కూడా వేరే సెక్షన్ కింద అంతే పడుతుంది. జరిమానా కట్టి బయటపడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది లైసెన్స్ తరగతే. హెచ్‌ఆర్ అబ్బాయికి ఇది చెప్పాకే అతని మొహంలో టెన్షన్ కనిపించింది.

లైసెన్స్ లేకుండా కుదిరే దారి

ఎవరు వచ్చినా ముందు ఇది చెబుతాను, ఫీజు పోయినా సరే. 250 వాట్ల కన్నా తక్కువ మోటార్, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న బ్యాటరీ స్కూటర్ చట్టం లెక్కలో మోటార్ వాహనం కాదు. లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మాగుంట లేఅవుట్ నుంచి రైతుబజార్ దాకా అయితే అది సరిపోయేది. మైపాడు రోడ్డులో మాత్రం ఇసుక టిప్పర్ల మధ్య ఆ వేగంతో పోవడం నాకే ఇష్టం లేదు. పైగా లో స్పీడ్ అని అమ్మే బళ్లలో కొన్ని లోపల చిన్న మార్పు చేస్తే 40 దాకా పోతాయి. అలా చేసిన రోజే అది మోటార్ వాహనం అయిపోతుంది. ఆవిడ ఒక షోరూమ్‌లో అలాంటి బండి నడిపి చూసి వద్దనుకుంది.

మన దగ్గర 50 సీసీ బండి దొరకదా అని కూడా అడిగింది. మన చట్టంలోనూ 50 సీసీ మాట ఉంది. 16 ఏళ్లు నిండినవాళ్లు 50 సీసీ మించని మోటార్‌సైకిల్ నడపొచ్చు అని నాలుగో సెక్షన్ చెబుతుంది. అలాంటి కొత్త పెట్రోల్ బండి షోరూమ్‌లో చూద్దామన్నా కనిపించదు. ఊళ్లలో అందరూ చిన్న బండి అనుకునే టీవీఎస్ ఎక్స్‌ఎల్ కూడా ఇప్పుడు 100 సీసీ. కాబట్టి ఇంటర్ చదివే పిల్లలను తెచ్చి "పదహారుకే ఇస్తారంట కదా" అనే తండ్రులకు ఇదే జవాబు. రూల్ ఉంది, బండి లేదు.

ఏ తరగతి తీసుకోవాలి

మా దగ్గరకొచ్చే కుర్రాళ్లకు గేర్ల తరగతే తీసుకోమంటాను. ఫీజు అదే, రేపు ఏ బండైనా నడపొచ్చు. ఈవిడ విషయంలో గేర్లు లేని మోటార్‌సైకిల్ తరగతి ఒక్కటే పెట్టించాను. రెండేళ్లు ఉండి పోయే మనిషికి, క్లచ్ అలవాటు లేని మనిషికి, వాడని తరగతి కోసం కష్టపడి టెస్ట్ ఇప్పించడంలో అర్థం లేదు.

తొమ్మిదో సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. వేరే దేశంలో సరైన అధికారి ఇచ్చిన లైసెన్స్ ఉంటే, అదే తరగతి బండికి ఇక్కడ మళ్లీ టెస్ట్ అక్కర్లేదని చట్టం చెబుతుంది. హెచ్‌ఆర్ వాళ్లు ఎక్కడో చదివి దీన్ని పట్టుకొచ్చారు. అందులో కీలకం "అదే తరగతి" అన్న షరతు. ఆవిడ జపాన్ లైసెన్స్ కారుది. కారు తరగతికి ఆ సెక్షన్ కింద అడగొచ్చు. స్కూటర్‌కు అడగడానికి ఆధారం లేదు. కారు కూడా పెట్టమంటారా అని అడిగాను. కంపెనీ కారుకు డ్రైవర్ ఉన్నాడు, వద్దంది.

అడ్రస్

ఇక అసలు కథ. ఆవిడ మొదట చెన్నైలో దిగింది. 180 రోజులు మించిన వీసా మీద వచ్చినవాళ్లు దిగిన 14 రోజుల్లోపు విదేశీయుల రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. కంపెనీ వాళ్లు చెన్నై గెస్ట్‌హౌస్ అడ్రస్ పెట్టి ఆన్‌లైన్‌లో ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ అనే విదేశీయుల రిజిస్ట్రేషన్ పోర్టల్ ద్వారా అది చేయించారు. ఇక్కడ ఉండటానికి ఇచ్చే రెసిడెన్షియల్ పర్మిట్ వచ్చింది. కొన్ని నెలలకు నెల్లూరుకు బదిలీ అయింది. పర్మిట్‌లో అడ్రస్ మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

మా దగ్గరకు వచ్చేసరికి ఆవిడ దగ్గరున్న కాగితాలు ఇవి: పాస్‌పోర్ట్, అందులో వీసా, చెన్నై అడ్రస్‌తో రెసిడెన్షియల్ పర్మిట్, కంపెనీ లెటర్. నెల్లూరు ఇంటికి అద్దె అగ్రిమెంట్ లేదు. అంతా నోటి మాటే, అద్దె ఫోన్‌పేలో పంపుతోంది.

ఇప్పుడు రాష్ట్రంలో ఏ రవాణా కార్యాలయంలోనైనా లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. పక్క రాష్ట్రం అడ్రస్‌తో మాత్రం కుదరదు. కౌంటర్‌లో ఉన్నాయన పర్మిట్ చూసి "ఇది తమిళనాడు అడ్రస్ కదమ్మా, అక్కడే తీసుకోవాలి" అన్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు రైటు. బయటికి రాగానే ఒక ఏజెంట్ మా వెనకే వచ్చి, కంపెనీ లెటర్‌కు నోటరీ ముద్ర వేయించి పని కానిస్తానన్నాడు. వద్దన్నాను. ఒక కాగితంలో చెన్నై, ఇంకో కాగితంలో నెల్లూరు ఉన్న విదేశీయురాలి ఫైలు ఈరోజు ఎలాగో దాటినా, వీసా పొడిగింపు రోజునో, యాక్సిడెంట్ క్లెయిమ్ రోజునో బయటపడుతుంది. అప్పుడు ఆ ఏజెంట్ ఫోన్ ఎత్తడు.

చేయాల్సింది పర్మిట్‌లో అడ్రస్ మార్పు. దరఖాస్తు అదే పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టాలి. మన జిల్లాలో విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి జిల్లా ఎస్పీనే. దానికి ఇంటి ఆధారం కావాలి, అంటే అద్దె అగ్రిమెంట్ రాయాలి, ఇంటి ఓనర్ సంతకం పెట్టాలి.

ఇక్కడ ఆగిపోయాం. ఓనర్ డెబ్భై దాటిన పెద్దావిడ. మేడమ్ అంటే ఆవిడకు ప్రాణం. చేపల పులుసు చేసిన రోజు గిన్నె పైకి వెళ్లాల్సిందే. కాగితం అనేసరికి మాత్రం మాట మారిపోయింది. "సంతకం పెడితే పోలీసోళ్లు ఇంటికొస్తారంట గదయ్యా. ఇల్లు ఆమె పేరునైపోద్దని పక్కింటాయన చెప్తుండాడు" అంది. పక్కింటాయన సలహాలు ఎన్ని ఫైళ్లను ఆపాయో లెక్కలేదు.

నిజానికి ఆ పెద్దావిడ అప్పటికే చేయాల్సిన పని ఒకటి చేయలేదు. విదేశీయులను ఇంట్లో పెట్టుకున్న ఎవరైనా, హోటల్ కానీ మామూలు ఇల్లు కానీ, వాళ్లు వచ్చిన 24 గంటల్లో ఆ సమాచారం ఆన్‌లైన్‌లో ఇవ్వాలి, దాన్ని అప్పట్లో ఫారం సి అనేవారు. ఇది ఓనర్ బాధ్యత. నెల్లూరులో అద్దెకిచ్చే ఇళ్లవాళ్లలో నూటికి తొంభైమందికి ఈ మాట తెలియదని పందెం కాస్తాను. ఇది ఆవిడకు చెబితే ఇంకా భయపడుతుందని బెంగళూరులో ఉన్న కొడుకుతో ఫోన్‌లో మాట్లాడాను. ఆ అబ్బాయి సాఫ్ట్‌వేర్ మనిషి, అరగంటలో విషయం పట్టుకున్నాడు. వాళ్లమ్మకు అతనే నచ్చజెప్పాడు. అతనే ఫారం సి పెట్టాడు. 11 నెలల అగ్రిమెంట్ స్టాంప్ పేపర్ మీద రాయించాం. పెద్దావిడ సంతకం పెట్టేటప్పుడు మేడమ్ రెండు చేతులతో పెన్ను అందించి తల వంచితే, ఆవిడ "ఏందమ్మా, నాకెందుకు దండం" అంటూ నవ్వేసింది.

తర్వాత అంతా దానంతటదే కదిలింది. అడ్రస్ మార్పుకు దరఖాస్తు పెట్టాం, పోలీసులు వచ్చి ఇల్లు చూసుకుని పోయారు, కొత్త పర్మిట్ వచ్చింది. ఈ కేసు మొత్తంలో ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. డ్రైవింగ్‌కు సంబంధించిన పని మాత్రం ఇందులో ఒక్కటీ లేదు.

ఆధార్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గడిచిన 12 నెలల్లో 182 రోజులు మన దేశంలో ఉన్న విదేశీయులు ఆధార్ తీసుకోవచ్చు, పెద్దవాళ్లకు ఫారం 7. అయితే దాని గడువు వీసా గడువుతోనే ముగుస్తుంది. ఆధార్ ఉంటే కౌంటర్‌లో ప్రశ్నలు తగ్గుతాయి కాబట్టి ముందు అదే తీసుకోమని కొందరు చెబుతారు. నేను అలా చెప్పను. ఆధార్‌లో అడ్రస్ పడాలన్నా ముందు పర్మిట్ సరిగ్గా ఉంటేనే మంచిది. ఈవిడ వీసా పొడిగింపు కొన్ని నెలల్లో ఉంది, అందుకని ఆధార్‌ను కొత్త వీసా వచ్చాక చూసుకోమన్నాను. లైసెన్స్ దరఖాస్తులు పెట్టే సారథి పోర్టల్‌లో ఆధార్ లేకుండా దరఖాస్తు చేసే దారి ఉంది. స్లాట్ తీసుకుని మనిషి కార్యాలయానికి వెళ్లాలి, అంతే తేడా.

ఫారం నింపేటప్పుడు

పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా రాయాలి. జపాన్ వాళ్లు ఇంటిపేరు ముందు చెబుతారు, మనవాళ్ల లాగే. మన ఫారంలో గడులు వేరే వరసలో ఉంటాయి కాబట్టి నోటితో చెప్పింది విని రాస్తే తలకిందులైపోతుంది. తండ్రి లేదా భర్త పేరు రాయాల్సిన గడి వచ్చింది. జపాన్ పాస్‌పోర్ట్‌లో తండ్రి పేరు ఉండదు. తండ్రి పేరు ఆవిడ చెప్పినట్టు రాసి, దానికి ఒక స్వీయ ధ్రువీకరణ జత చేశాం. సంతకం పాస్‌పోర్ట్ మీద జపాన్ లిపిలో ఉంది, ఫారాల మీద కూడా అదే పెట్టించాను. అందంగా ఉంటుందని ఇంగ్లిష్‌లో పెడతానంది, వద్దన్నాను. రక్తం గ్రూపు గడి మా వాళ్లు ఖాళీగా వదిలేస్తారు. ఆవిడ అడగకముందే చెప్పింది. జపాన్‌లో రక్తం గ్రూపును బట్టి మనిషి స్వభావం చెప్పుకుంటారట, మన దగ్గర రాశుల్లాగా.

40 ఏళ్లు దాటలేదు కాబట్టి డాక్టర్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఫారం 1లో సొంత డిక్లరేషన్ చాలు. కేంద్రం రూల్స్ ప్రకారం ఫీజులు ఎల్‌ఎల్‌ఆర్‌కు, అంటే నేర్చుకునేటప్పుడు ఇచ్చే లైసెన్స్‌కు 150, దాని పరీక్షకు 50. తర్వాత డ్రైవింగ్ టెస్ట్‌కు 300, లైసెన్స్‌కు 200. రాష్ట్రం సర్వీస్ చార్జీలు వీటికి అదనం. ఇంతకు మించి ఎవరు అడిగినా అది వాళ్ల జేబు లెక్క.

ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష

20 ప్రశ్నలు, 12 సరిగ్గా రాస్తే పాస్. ఆవిడ నమ్మలేదు. గెంట్సుకి రాతపరీక్షలో 50 మార్కులకు 45 రావాలట. పన్నెండుకే పాస్ అంటే ఇందులో ఏదో మెలిక ఉందని ఇంకా ఎక్కువ చదివింది.

మెలిక నిజంగానే ఒకటి ఉంది, బొమ్మల్లో. జపాన్‌లో ఆగు అనే బోర్డు ఎర్రటి తలకిందుల త్రికోణం. మన దగ్గర ఆగు బోర్డు ఎనిమిది మూలల ఎర్రది. తలకిందుల త్రికోణం మన దగ్గర దారి ఇమ్మని చెబుతుంది. ఇరవై ఏళ్లుగా కళ్లకు అలవాటైన ఆకారం వేరే అర్థంతో కనిపిస్తే చెయ్యి ఆలోచించకుండా తప్పు నొక్కుతుంది. ఇలాంటి గుర్తులన్నీ పక్కన పెట్టి ఆవిడతో విడిగా చదివించాను. వేరే దేశంలో లైసెన్స్ ఉన్నవాళ్లకు నేర్పేటప్పుడు తెలియని గుర్తుల కన్నా, తెలుసనుకునే గుర్తుల మీదే కూర్చోవాలి. రోడ్డుకు ఎడమవైపు నడపడం మాత్రం రెండు దేశాల్లో ఒకటే, అది పెద్ద కలిసొచ్చింది. అమెరికా నుంచి, యూరప్ నుంచి వచ్చినవాళ్లతో మాకు మొదటి వారమంతా దాంతోనే సరిపోతుంది.

పరీక్ష ఇంగ్లిష్‌లో రాసింది, తేలిగ్గా దాటింది.

బండి మీద

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్ట్‌కు వెళ్లాలి. ఈ మధ్యకాలంలో బండికి ముందూ వెనకా తెల్లటి బోర్డు మీద ఎర్రటి ఎల్ ఉండాలి. నేర్పేవాళ్లను తప్ప వేరే మనిషిని వెనక ఎక్కించుకోకూడదు.

ఆవిడకు బండి నడపడం నేర్పాల్సిన పనే లేదు. బ్యాలెన్స్, బ్రేక్, అద్దం చూసుకోవడం మా స్కూల్లో ఎవరికన్నా బాగా వచ్చు. నేర్పింది నెల్లూరు రోడ్డు. ఆవిడ హారన్ కొట్టేది కాదు. హారన్ కొట్టమని చెప్పే నీలం బోర్డు జపాన్‌లోనూ ఉందట, కొండ మలుపుల్లో. అది కనిపిస్తేనే కొట్టాలి, మిగతాచోట్ల కొట్టడం మర్యాద కాదు. ట్రంకు రోడ్డు మీద పక్క సందులోంచి ఆటో దూసుకొస్తుంటే ఈవిడ మర్యాదగా బ్రేక్ వేసి ఆగేది. వెనకవాడు ఆగడు కదా. "నేనిక్కడ ఉన్నాను అని చెప్పడానికే హారన్, తిట్టడానికి కాదు" అని చెప్పాక కొట్టడం మొదలుపెట్టింది, అదీ ఒక్కసారి, చిన్నగా.

సిగ్నల్ పచ్చగా ఉన్నా కుడీ ఎడమా చూసి కదలడం, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బండికి చోటివ్వడం, పెన్నా బ్రిడ్జి మీద బస్సు దాటుతుంటే ఆ గాలికి హ్యాండిల్ గట్టిగా పట్టుకోవడం. ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. లైసెన్స్ ఉన్న విదేశీయులకు క్లాసులు అక్కర్లేదని కంపెనీలు ఫీజు తగ్గించమంటాయి. నేను తగ్గించను. వాళ్లకే ఎక్కువ క్లాసులు కావాలి.

ఎనిమిది

మొదటి టెస్ట్ ఫెయిల్ అయింది. ఎనిమిది ఆకారం ట్రాక్‌లో కాలు కింద పెట్టకుండా తిరగాలి. మా గ్రౌండ్‌లో ఎన్నోసార్లు తిరిగింది, ఒక్కసారీ పెట్టలేదు. అక్కడ ట్రాక్ మొదట్లో అడ్డంగా ఒక తెల్ల గీత ఉంది. గీత కనిపించగానే ఆవిడ బండి పూర్తిగా ఆపి, ఎడమ కాలు కింద పెట్టి, కుడీ ఎడమా చూసి, అప్పుడు బయల్దేరింది. జపాన్‌లో అలా చేయకపోతే ఫెయిల్. ఇక్కడ అలా చేసినందుకే ఫెయిల్. ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పి చూశాను. "చూశానయ్యా, బాగానే తోలుతోంది. కాలు పెట్టింది, నేనేం చేయను" అన్నారు. ఆయనతో వాదించలేదు.

ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు, టెస్ట్ ఫీజు మళ్లీ కట్టాలి. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. ఈసారి గీతలున్న చోటే ప్రాక్టీస్ చేయించాను. గీత చూడగానే కాలు లేవకుండా ఉండటం ఆవిడకు ఎనిమిది తిరగడం కన్నా కష్టమైంది. రెండోసారి దాటింది. దిగాక ఇన్‌స్పెక్టర్ గారికి వంగి దండం పెడితే ఆయనా లేచి నిలబడి దండం పెట్టారు. లైన్‌లో ఉన్న కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

బండి కాగితాల గురించి ఒక మాట. టెస్ట్‌కు తెచ్చిన స్కూటర్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ గడువులో ఉండాలి. ఆ రోజు మా ముందున్న అబ్బాయిని పొల్యూషన్ సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపారు.

తర్వాత

30 నుంచి 50 ఏళ్ల లోపు వాళ్లకు లైసెన్స్ 10 ఏళ్లకు ఇస్తారు. వీసా రెండేళ్లే, లైసెన్స్ పదేళ్లా అని ఆవిడకు ఆశ్చర్యం. కార్డు చేతికి వచ్చేదాకా రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో ఉన్న లైసెన్స్ చూపించొచ్చు, అది చెల్లుతుంది. ఇల్లు మారితే ముందు రెసిడెన్షియల్ పర్మిట్, ఆ తర్వాతే లైసెన్స్ అడ్రస్ మార్చుకోవాలని కాగితం మీద రాసిచ్చాను. వీసా పొడిగింపు అయ్యాక ఆధార్ కూడా తీసుకుంది.

ఈ కేసు చూసి ఆవిడ టీమ్‌లోని కావలి కుర్రాడొకడు వచ్చాడు. అతన్ని జపాన్ పంపుతున్నారు, అక్కడ గెంట్సుకి కావాలట. జపాన్‌లో మన లైసెన్స్‌ను వాళ్ల లైసెన్స్‌గా మార్చుకోవాలంటే, మన లైసెన్స్ వచ్చాక మన దేశంలో కనీసం మూడు నెలలు ఉన్నట్టు పాస్‌పోర్ట్ చూపాలి. లైసెన్స్‌కు జపాన్ భాష అనువాదం జత చేయాలి. మార్పిడి కోసం పెట్టే రాతపరీక్ష కూడా 2025 అక్టోబర్ నుంచి 10 ప్రశ్నలకు బదులు 50 ప్రశ్నలైంది, తొంభై శాతం రావాలి. అతని దగ్గర ఏ లైసెన్సూ లేదు. ప్రయాణం ఇంకా ఆరు నెలలుంది కాబట్టి వెంటనే ఎల్‌ఎల్‌ఆర్ పెట్టించాను. అతనికి మాత్రం గేర్ల తరగతి, కారు కూడా.